ఎర్ర నూలు కట్టింది ఎడమ రెక్క

ప్రసూనా,

నీ బ్యాగు సర్దాను. తువ్వాలు పైన పెట్టాను. నీ సర్ఫింగ్ పలక కింద బిగించే రెక్కలు మూడూ పాత చీరముక్కలో చుట్టి బ్యాగు అడుగున ఉన్నాయి. ఎర్ర నూలు కట్టింది ఎడమ రెక్క, తెల్ల నూలుది కుడిది, నూలు లేనిది నడుమది. విశాఖలో బిగించే ముందు నూలు తీసెయ్యి. పలక గాడిలో ఇసుక తుడువు. పక్క రెక్కల చదును ముఖం లోపలికి, మూడింటి వంపూ వెనక్కి ఉండాలి. రెక్కలతో వచ్చిన కాగితంలో బొమ్మలు చూసి నేర్చుకున్నాను. స్క్రూ మరీ బిగించకు, గాడి పగులుతుంది. చేత్తో లాగితే రెక్క కదలకూడదు.

"అమ్మమ్మా, ఒక స్క్రూ ఏడ పోయిందే?" అని నిన్నంతా వెతికావు. నేనే నూలు కండెల డబ్బాలో దాచాను. అది లేకపోతే నీ ప్రయాణం ఆగుతుందనుకున్నాను. నువ్వేమో "రెండు రెక్కలు చాలు తియ్, నడుస్తది" అన్నావు. భయమేసి పొద్దున్నే ఆ స్క్రూ బ్యాగు ముందు జేబులో వేశాను.

నువ్వు గడప దాటడం చూడలేక చింతమడక ఊరికి వెళ్తున్నాను. తిని బయల్దేరు. నీళ్లలోంచి బయటికి రాగానే ఫోన్ చెయ్యి.

మా తమ్ముడు బాలమల్లుకు ఈత బాగా వచ్చు. బొంబాయి దగ్గర భీవండిలో మగ్గాల పనిలో ఉండి, ఒక ఆదివారం సముద్రం చూడ్డానికి వెళ్లాడు. 1986 జూన్‌లో. తిరిగి రాలేదు.