గీడికెళ్లి మైలే

జహీరాబాద్,
దవాఖాన ఎదురుంగ చాయ్ హోటల్,
9 నవంబర్ 2025, ఆదివారం.

మిత్రుడు బస్వరాజ్‌కు పాండు రెండు చేతులు జోడించి రాసేది.

న్యాల్‌కల్ మండల ప్రజలందరికీ ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పాండు గొంతు గురువారం సాయంత్రం నుండి మూగబోయినది. పారిపోయిన పిట్టలు మళ్లా చెట్ల మీదికి చేరినవి. ఊరి ఆడోళ్లు దేవుడున్నాడని దండాలు పెట్టుకొనుచున్నారు.

గందుకే ఈ కాయిదం. ఆరో తరగతిల బడి బంద్ పెట్టినోడు రాస్తుండు, తప్పులుంటే నవ్వు. నువ్వు నవ్వక మూడు దినాలైంది.

నేను ఇక్కడ క్షేమమని రాయాలె, మీరు అక్కడ క్షేమమా అని అడగాలె. అక్కడ అంటే రోడ్డు అవుతల. పై అంతస్తు కిటికీకి నువ్వు ఆరేసిన నీలం తువ్వాల ఇక్కడికి కనవడుతనే ఉంది. నీ ఇల్లాలు, నాకు చెల్లె సుమిత్ర నిన్న కండ్లు తెరిచి చాయ్ అడిగిందని మా ఇంటామె నాగరాణి చెప్పింది. కాలు వాపు ఇంక దిగలేదట. పాము కాటు గంత జల్దీ ఇడువది, ఫికర్ చేయకు.

ఇగ అసలు సంగతి. అంబులెన్స్ నడిపిన సృజన్ మీద రేపు పదకొండింటికి విచారణ ఉన్నది. నువ్వు రాసిచ్చిన కాయిదం మీదనే. ఆలస్యంగ వచ్చిండు, తాగి ఉంటడు అని రాసినవట. ఆఫీసర్ ముంగట మళ్లొకసారి అదే మాట అంటే ఆయన నౌకరి పోతది. నౌకరిల చేరి పదిహేను దినాలే అయింది.

నువ్వు అప్పుడు చెరుకు లారీ తోటి బీదర్‌ల ఉంటివి. ఏం జరిగిందో చూడలే. చెప్త, విను.

గురువారం పగటీలి రెండు కొట్టింది. సుమిత్ర మీ కంది చేన్ల గడ్డి కోస్తుంటే కాటు వడ్డది. కేక ఇని ఉరికిన. నా బండి మెకానిక్ కాడ ఉండె. పక్క తోటల చెరుకు కొట్టే కన్నడ కూలోళ్లు ముగ్గురు వచ్చి మా కావలి మంచం పట్టిన్రు. డాంబర్ రోడ్డు దాక మోసినం. పిల్లలకు ఇప్పుడే చెప్పకు అన్నా అన్నది చెల్లె. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే బండి బయలెల్లింది అన్నరు. న్యాల్‌కల్ కాడికొచ్చి సృజన్ నాకు ఫోన్ చేసిండు, ఇంకెంత దూరం అని. నేను సుమిత్ర కాలు కదలకుంట పట్టుకొని ఉంటి. పక్కనున్న నారమ్మ ఫోన్ గుంజుకొని, గీడికెళ్లి మైలే బిడ్డా, వచ్చెయ్ అన్నది.

నీకు ఎరుకే, మన దిక్కు మైలు చెప్పుడంటే దాహమన్నోనికి నీళ్లిచ్చినట్టు. నడిచేటోడు అడిగితే పొద్దూకే దాక దూరమున్నా మైలే అంటం. ఉన్నదున్నట్టు చెప్తే వాని కాళ్లు ఆడనే కూలవడ్తయ్. నారమ్మ మైలు ఆకువక్క నమిలి ఉమ్మేదాక. మేకలోళ్ల మైలు మంద అలిసి నిలవడేదాక. విత్తనాల కంపెనీ ఆయనను నేను మైలే, ఇంకో మైలే అనుకుంట పొద్దంత తిప్పి, మళ్లా ఎక్కిన జాగలనే దించిన, యాదికుందా. నవ్వి నవ్వి నువ్వు చాయ్ ముక్కులకెళ్లి కార్చుకుంటివి.

సృజన్ కరీంనగర్ దిక్కు మనిషి. ఆయన మైలు బండి మీటర్‌ల ఉన్నది. కిలోమీటరున్నర దాటి జర పోయి ఆపితే ఆడ ఎవ్వలు లేరు. ఒక పక్క దారి కనవడితే గిదే కావొచ్చని మలిపిండు. ఆ దారిల మేకలాయనను అడిగితే, ఆయన గూడ మైలే అన్నడట. ఇంకొంచెం పోయినంక ఒకామె గూడ గదే మాట. మంచోళ్లందరు కలిసి ఇరవై ఐదు నిమిషాలు తిప్పిన్రు.

ఇటు నా ఫోన్ చార్జింగ్ ఐపోయింది. నేను మలుపు దిక్కే చూస్తున్న. బండి ఇంకెంత దూరమున్నది అన్నా అని సుమిత్ర ఐదు సార్లు అడిగింది. ఐదు సార్లు మైలే అన్న. ఆరోసారి ఆమె అడగలే. బండి వచ్చేదాక ఆమె పేరు వట్టి ఒర్రిన ఒర్రుడుకే నా గొంతు పోయింది.

నారమ్మ చెడు కోసం అనలే బస్వా. చెల్లె ఇంటుండె, ఆమె గుండె చెదరొద్దని అన్నది. డెబ్బై ఏండ్ల ముసలామెను ఏమంటవ్. దవాఖాన ముంగట నువ్వు సృజన్ కాలర్ పట్టుకుంటే ఆయన ఒక్కటే మాట అన్నడు, నాకు మైలే అని చెప్పిన్రన్నా అని. నేను నీ పక్కనే ఉంటి. గొంతు లేకపాయె, ఏం చెప్పాలె. ఆ కంప్లైంట్ వాపస్ తీస్కో.

నాగరాణి తెచ్చే డబ్బా కింద ఈ కాయిదం ఉంటది. రొట్టె తిన్నంక చదువు.

ఇట్లు,
చిన్నప్పటి సంది నీ సోపతిగాడు,
పాండు.

తా.క.: డబ్బా తీస్కొని లేచిన నాగరాణిని జర ఆగు అన్న. మూడు దినాల సంది ఆమె తోటి గూడ సైగలే చేస్తున్న. డబ్బా కింద పెట్టి నా మొఖం దిక్కు చూసింది.

నా గొంతుకు ఏం కాలే బస్వా. దవాఖాన ముంగట నోరిప్పితే ఫోన్‌ల గొంతు నాదేనని సృజన్ గుర్తువడ్తడని, పోయిందని చేయి చూపిచ్చిన. ఆయన నా దిక్కే చూసుకుంట నిలవడ్డడు.

నారమ్మ ఆడ లేదు. వారం దినాల సంది రాయికోడ్‌ల బిడ్డ కాడ ఉన్నది. ముసలామె పేరు చెప్తే నువ్వు కోపం చేయవని రాసిన. మైలే అన్నది నేను. చెల్లె గుండె చెదరొద్దని అన్నది గూడ కల్పించిందే. అప్పుడు చెల్లె దిక్కు చూడనే లే. సృజన్ అడిగిండు, ఎప్పటి లెక్కనే నా నోట్లకెళ్లి వచ్చింది.

రేపు పదకొండింటికి నేను గూడ వస్త. సృజన్ ముంగట ఈ కాయిదం నేనే చదువుత, గొంతు ఇని ఫోన్‌ల అన్నది నేనేనని చెప్తడు. నువ్వు ఏం చేస్తవో ఆ తర్వాత చెయ్యి.

నిన్న మెకానిక్ కాడికెళ్లి బండి తెచ్చుకొని, న్యాల్‌కల్ నుంచి మంచం దించిన జాగ దాక మీటర్ చూసుకుంట పోయిన. ఐదు కిలోమీటర్ల ఏడు వందల మీటర్లు. ఇది కల్పించలే.