పెళ్లికార్డుల వెనక వైపు

అమ్మా,
నేను క్షేమం. నిన్న బాంబు పడింది మా ప్రెస్సు మీద కాదు, పక్క వీధిలో. కంగారు పడకు.

ఇల్లు కూలిపోయిన ముసలి రచయిత ఒకాయన మా ప్రెస్సులోనే తలదాచుకున్నాడని రాశాను కదా. కాగితం దొరక్క ఆయన కథంతా గోడ మీద పెన్సిలుతో రాస్తున్నాడు. నిన్న సైరన్ మోగినా కదల్లేదు. "ఈ ఒక్క వాక్యం కానివ్వు తల్లీ" అంటాడు! చొక్కా పట్టుకుని లాక్కుపోయాను. తిరిగొచ్చి చూస్తే గోడకు పైనుంచి కిందిదాకా బీట. ఇక ఆగలేదు, స్టూలెక్కి గోడ చూస్తూ కథంతా అచ్చుకి సీసం అక్షరాలు పేర్చేశాను. "పేర్చావు సరే, అచ్చు దేనిమీద వెయ్యను, నా బట్టతల మీదా?" అని అరిచాడు మా ఓనరు. నిజమే. ఇంకో బాంబు పడితే గోడా ఉండదు, పేర్చిన అక్షరాలూ చెదిరిపోతాయి.

అందుకే అడుగుతున్నా, అటక మీదున్న నా పెళ్లికార్డులు వెంటనే పంపు. తేదీ ఎలాగూ దాటిపోయింది. వెనక వైపు తెల్లగానే ఉంది. అపశకునమని ఏడుస్తూ కూర్చోకు, పెళ్లి వాయిదా పడింది గానీ తప్పిపోలేదు. యుద్ధానికెళ్లిన నీ కాబోయే అల్లుడి ఉత్తరం వచ్చి నెల దాటింది. అక్కడికేమైనా కబురొచ్చిందా? దాచకుండా రాయి.

నాన్న దగ్గు తగ్గిందా? మందు మానెయ్యొద్దని చెప్పు. చెల్లికి ముద్దులు.
నీ పెద్దది

అంచున ఇరికిస్తున్నా: ఒక్క కార్డు మాత్రం పంపకు, నీ దగ్గరే దాచు. ఆయన రాగానే పాత తేదీ కొట్టేసి కొత్తది నా చేత్తో రాస్తాను.