మేనేజరు కుర్చీలో గుండు

మంగళవారం రాత్రి, తిరుపతి

మా క్లయింటు మునిరత్నం కారు యాక్సిడెంటయి షెడ్డులో పడి ఉంది. ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిము తేల్చదు, మధ్యవర్తి దగ్గరికి రమ్మంటే రాదు. అందుకే కోర్టులో పిటిషను వేశాం. కంపెనీకి నోటీసు మమ్మల్నే స్వయంగా ఇచ్చి సంతకం తెమ్మన్నారు జడ్జిగారు. రేపే వాయిదా.

"మేనేజరు చేతికే ఇయ్యల్ల పాపా, వాచ్‌మన్‌కి ఇస్తే చెల్లదు" అని సీనియర్ గారు మరీ మరీ చెప్పి పంపారు.

మధ్యాహ్నం కంపెనీ ఆఫీసులో మేనేజరు గది తలుపు తోశాను. పెద్ద కుర్చీలో, గుండుకి గంధం పూసుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఈ ఊళ్లో గుండుని ఎవరు పట్టించుకుంటారు? నోటీసు చేతికిచ్చి సంతకం పెట్టమన్నాను. మారుమాట లేకుండా పెట్టాడు. కంపెనీవాళ్లు ఇంత మర్యాదస్తులా అని మురిసిపోయాను గానీ, ఆ సంతకం ఎవరిదో చూసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు.

ఇందాక మునిరత్నం ఫోను చేశాడు.

"మేడం, మీరిచ్చిన కాయితం ఏం చేయల్ల?"

"నేనెప్పుడిచ్చాను?"

"మద్యానం మేనేజరు రూములో ఇచ్చినారు కదా! ఆయన కోసరం ఆడ కాసుకోని ఉండినాను. లాయరమ్మ సంతకం పెట్టమంటే పెట్టకుండా ఉంటానా?"

"ఆయన కుర్చీలో ఎందుకు కూర్చున్నారండీ?"

"ఏసీ గాలి ఆడికే వస్తాంది మేడం."

ఒత్తైన జుట్టు, గుబురు మీసాలతో తప్ప ఈయన్ని నేనెప్పుడూ చూడలేదు. సొంత క్లయింటుకే నోటీసు ఇచ్చి వచ్చాను! రేపు సీనియర్ గారికి ఏ ముఖం పెట్టుకుని...

"ఉన్నట్టుండి ఆ గుండు ఎందుకు చేయించుకున్నారు?" అని అరిచినంత పని చేశాను.

"నోటీసు వాళ్ల చేతికి సక్కంగా అందల్లని మొక్కుకున్నాను మేడం. ముందే తీర్చేసినాను."