ఆ రేకుకి రంగు వేయకు

చిట్టీ,

గిటారు సౌండు బాక్సులుండే ర్యాక్ వెనక బిగిద్దామని అన్నయ్య మొదలుపెట్టిన రేకు ప్యానెల్‌కి రంగు వేయకు. నల్ల స్ప్రే కొడతానని రాత్రి నువ్వన్నావు కదా, అందుకే ఈ చీటీ. ఏ వైరు లోపలికి వెళ్లాలో, ఏది బయటికి రావాలో ఆ రేకు మీద వాడు పెన్సిల్‌తో రాసుకున్నాడు. మిగతా రాతంతా ఫోన్‌లోనే కదా. వాడు పోయాక మనకి మిగిలిన చేతిరాత అదొక్కటే.

ఇంకో రేకు తెచ్చుకో. దీన్ని దాని మీద పెట్టి రంధ్రాలకు గుర్తులు గీసుకుని, కొత్తదానికే డ్రిల్లు వెయ్యి. దీన్ని గుడ్డతో కూడా తుడవకు తల్లీ, నీకు దండం పెడతాను.

అమ్మ

ఆ రాతలో వాడు 'గిటారు'కి గుడిదీర్ఘం పెట్టి 'గీటారు' చేశాడు. నువ్వు దిద్దకు. నేను పిల్లల పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను తీసి, మళ్లీ బడి సంచీలో పెట్టేశాను.