లాంగ్‌బీచ్‌లో నీ పొట్లం

మహారాజశ్రీ రవిగారి దివ్యసముఖానికి,

పరలోకంలో హాయిగా పడుకున్న నిన్ను లేపుతున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. రోజంతా డ్రైవ్ చేసి నడుము వంగడం లేదు కనక సాష్టాంగం మాటవరసకే.

నువ్వు పోయి ఏడాదైంది. లాంగ్‌బీచ్‌లో మనం వెతికి పట్టుకున్న కంబోడియా మార్కెట్‌కి మన డొక్కు డాట్సన్ కార్‌లోనే మళ్లీ వెళ్లాను. తూటికూర కట్టలు, అరటిపువ్వులు, ఎండుచేపల వాసన అన్నీ అలాగే ఉన్నాయి. వాళ్లు పులుసులో కాస్తంత కలుపుకునే ఊరిన చేపముద్దను నువ్వు ఊరగాయ అనుకుని, వేడన్నంలో దండిగా కలిపి తిన్న బల్ల కూడా అక్కడే ఉంది.

కొట్టు ఆంటీ నన్ను చూడగానే నవ్వింది. "ఏడీ ఆ పికిల్ బాయ్? రాలేదా?" అని తన వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

తమ్ముళ్లిద్దర్నీ తన దేశంలో జరిగిన యుద్ధంలో పోగొట్టుకున్న సంగతి ఆమె ఆ రోజు నీతోనే చెప్పింది. అలాంటి మనిషికి ఇంకో చావు కబురు చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

"కార్‌లో పడుకున్నాడు, ఆంటీ" అన్నాను.

"ఇంత ఎండలోనా? బుద్ధుందా నీకు? ఇది వాడికివ్వు, నువ్వు తినేయకు" అంటూ అరటాకులో చుట్టిన తీపి అన్నం పొట్లం నా చేతిలో పెట్టి, గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

ఆడిన అబద్ధానికి పశ్చాత్తాపంతో ఉపవాసం ఉన్నానని రాద్దామనుకున్నాను. నిజానికి చేసింది ఒక్కటే. ఆమె గుమ్మంలోంచి నీకు చెయ్యి ఊపుతుంటే, నీ వైపు తలుపు తీసి, పొట్లం నీ సీట్లో పెట్టి, గాలాడేలా అద్దం కాస్త దించాను.