నాన్న కట్టిన క్యూ కర్ర

రాజపాళయం, మంగళవారం.

యామినీ, ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో చెబితే మీ నాన్న వింటారని కార్డు రాస్తున్నాను. నువ్వు అలిగి వదిలి వెళ్లిన పూల్ క్యూ కర్రను, అదే బల్ల మీద బంతుల్ని కొట్టే నీ ఆట కర్రను, నిన్న కొరియర్లో పంపాం. ఆట వద్దని ఆరు నెలలుగా నీతో మాట్లాడని ఆయనే దాన్ని పార్సిల్ కట్టారు. మర విప్పి రెండు ముక్కలు చేసి, పక్కనున్న సత్రపట్టిలో నేసే బ్యాండేజీ గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ పైపులో పెట్టి, కదలకుండా రెండు చివరలా దూది కూరారు. పైపును చెవి దగ్గర ఊపి చూసి, "సద్దు రాలే, విన్నావా? ఇది లేకుండా బిడ్డ ఇన్ని దినాలు ఎట్ల ఆడినదో!" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

మిక్సీ చిన్న జార్ మూత ఎక్కడ పెట్టావు? వేళకు తింటున్నావా? పార్సిల్ అందగానే నాకు కాదు, ఆయనకు ఫోన్ చెయ్యి. రాబోయే పోటీలో నీ చెయ్యి నిలకడగా ఉండాలి, తల్లీ.

అమ్మ