అక్కయ్య రెండు ఆఠీన్లు అన్నప్పుడు

పెనుగొండ,
బుధవారం.

ప్రియమైన రామతులసి అక్కయ్యగారికి, మీ చెల్లెలు చిన్నమ్మాయి దణ్ణం పెట్టి రాసుకుంటున్నది.

మీరు ఫోను ఎత్తడం లేదు. ఆదివారం తణుకు క్లబ్బులో పేకాట పోటీ అయ్యాక కారులో ఒక్క మాటా మాట్లాడలేదు. నన్ను ఇంటి దగ్గర దింపి "తలుపేసుకో" అన్నారు, అంతే. కోపంతో అన్నారా, మామూలుగా అన్నారా అని అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఫోనులో అయితే నాకు ఏడుపొచ్చి చెప్పాల్సింది సగంలో ఆగిపోతుంది. అందుకని రాసి, డ్రైవరు గణేష్‌బాబు చేతికిచ్చి పంపిస్తున్నాను. పనసతొనలు కూడా పెట్టాను. పగలే తినేయండి, రాత్రిపూట తింటే మీకు అరగవు.

నేను మర్చిపోలేదండీ అక్కయ్యగారూ. వానాకాలంలో ఆటకి మనుషులు దొరక్క బావగారూ మా ఆయనా మనిద్దరికీ బ్రిడ్జి నేర్పారు చూడండి, అప్పుడే మీరు చెప్పారు. అవతలివాళ్ళు ముందుగా వేలంపాటలో ఆఠీను పాడితే, దాని మీద మీరు కూడా రెండు ఆఠీన్లు అంటే, అది ఆఠీను కాదు. "నా దగ్గర రెండు రంగులు బారుగా ఉన్నాయి. ఒకటి ఇస్పేటు, రెండోది కళావరో డైమనో. నీకు ఏది పనికొస్తుందో చెప్పు" అని నన్ను అడగడం. నా చేతిలో ఏమీ లేకపోయినా నోరు విప్పి ఏదో ఒకటి అనాలి. పాస్ అన్నానంటే మిమ్మల్ని వాళ్ళ రంగులో ఒంటరిగా వదిలేసినట్టు. ఇదంతా నాకు తెలుసు.

అయినా పాస్ అన్నాను. అవతలిపక్షం ప్రసన్నకుమార్ గారు ఒక ఆఠీను అన్నారు. మీరు రెండు ఆఠీన్లన్నారు. నా దగ్గర ఇస్పేట్లు చిన్నవి మూడున్నాయి, ఒక్క బొమ్మ లేదు. రెండు ఇస్పేట్లని అంటే అయిపోయేది. నా ముక్కలు బల్ల మీద పరిచినప్పుడు మీరు నన్ను చూసిన చూపు ఇంకా కళ్ళ ముందే ఉంది. తురుపేమో ఆఠీను అయింది, మీ చేతిలో ఆఠీను ఒక్కటే. పట్టు తరవాత పట్టు వాళ్ళు లాక్కుపోతుంటే మీరు చివరి ముక్క దాకా ఆడారు. "ముసలమ్మలు నిద్రపోయారండీ" అని పక్క బల్ల మీద ఎవరో నవ్వారు.

నేను నిద్రపోలేదు. ఎందుకు పాస్ అన్నానో చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు. పోయిన నెల మీ ఇంటికి వచ్చినప్పుడు మీ కోడలు హేమశ్రీ నన్ను వంటింట్లోకి పిలిచి, "చిన్నత్తయ్యగారూ, అత్తయ్యగారు ఈమధ్య మర్చిపోతున్నారండి. ఆటలో మీరు ఎదురుగానే కూర్చుంటారు కదా, కాస్త కనిపెట్టి చెప్పండి. ఆట మాన్పించేద్దామా అని ఈయన అంటున్నారు" అంది. అప్పటినుంచి నేను ముక్కలు చూడటం లేదు, మిమ్మల్నే చూస్తున్నాను. ఆదివారం మీరు ప్రసన్నకుమార్ గారిని వాళ్ళ నాన్నగారి పేరుతో సత్తియ్యగారూ అని పిలిచారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ వెంటనే మీరు రెండు ఆఠీన్లన్నారు. అయ్యో, అవతలివాళ్ళు ఆఠీను పాడిన సంగతి కూడా మర్చిపోయారు, నిజంగానే ఆఠీన్లు పట్టుకుని కూర్చున్నారు అనుకున్నాను. మిమ్మల్ని కాపాడుతున్నాననుకుని పాస్ అన్నాను.

హేమశ్రీకి ఇంకా ఏమీ చెప్పలేదు. నేను ఏది చెప్పినా మీ ఆట పోతుందేమో, చెప్పకపోతే మీకేమైనా అవుతుందేమో అని రెండు విధాలా భయమే. తిట్టండి, కానీ ఫోను ఎత్తండి.

మీ చెల్లెలు,
చిన్నమ్మాయి


తణుకు,
శుక్రవారం.

చిన్నమ్మాయీ,

తొనలు బాగున్నాయి. రాత్రే తిన్నాను, అరిగాయి.

ఆ రోజు నా చేతిలో ఇస్పేట్లు ఐదు, డైమన్లు ఐదు. ఆసు రాజు ఎక్కడున్నాయో ఇప్పుడడిగినా చెబుతాను. నాకు కోపం ఓడిపోయినందుకు కాదు. మనం అనుకున్న మాట మీద నువ్వు నిలబడలేదు.

ఇంకో సంగతి. నిన్ను అడగమని హేమశ్రీకి చెప్పింది నేనే. ఆ పిల్లను ఏమీ అనకు. నాకేదో జారిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. మావాడు చంద్రరావుని అడిగితే, వయసు కదమ్మా అంటాడు. ఇక్కడి డాక్టరు కూడా అదే. అందరూ పాసే. నువ్వైనా నా ముఖం మీద చెబుతావనుకున్నాను. నువ్వు కూడా పాస్ అనేశావు, ఆటలోనూ, బయటా.

ఇప్పుడు నేనే పాడుతున్నాను, విను. పేకముక్కలు కట్టేసి పరువుగా ఇంట్లో కూర్చోవడం ఒకటి. రాజమండ్రి వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకుని, ఆయన ఏ పేరు చెప్పినా విని, ఆడుతూ ఉండటం రెండోది. నాకు తేల్చుకోవడం రావడం లేదు. నీకు భయమని తెలుసు. భయపడుతూనే చెప్పు.

రామతులసి


పెనుగొండ,
ఆదివారం.

అక్కయ్యగారికి,

మీ ఉత్తరం వచ్చినప్పటినుంచి ఇల్లంతా తిరుగుతున్నాను. పాలు పొంగిపోయాయి. ఇంత పెద్ద మాట నన్ను అడగొచ్చా అండీ? ఐదో తరగతి చదివినదాన్ని. తప్పు చెబితే ఆ పాపం నాకే కదా చుట్టుకుంటుంది? మీరే ఏదో ఒకటి అనుకుని ఉంటారు, అది నాకు చెబితే సరే అనేదాన్ని. అలా అనేద్దామని ఒక కాగితం రాసి చింపేశాను కూడా. అది కూడా పాసే కదా.

అందుకని చెబుతున్నాను. మీరు మర్చిపోతున్నారు. ఆమధ్య మీ ఇంట్లో చారులో చింతపండు రెండుసార్లు పిసికారు. వాసవమ్మవారి గుడి నుంచి వస్తూ, ఎటు తిరగాలో తెలియక వీధి మొదట్లో నిలబడిపోయి, చెప్పు తెగిందన్నారు. చెప్పు తెగలేదు, నేను చూశాను. చూసీ ఊరుకున్నాను.

నేను రెండోదే అంటున్నాను. రాజమండ్రి వెళదాం. నేనూ వస్తాను. డాక్టరు గదిలోకి కూడా వస్తాను, బయట కూర్చోబెట్టకండి, బయట కూర్చుంటే నాకు ఇంకా భయం. ఇదంతా హేమశ్రీకి కూడా నేనే చెబుతాను. ఆట మాత్రం మానొద్దని చంద్రరావుతో కూడా నేనే అంటాను. వాడు గట్టిగా మాట్లాడితే నాకు భయం, కూర్చుని అంటాను.

ఆట సంగతి ఒకటి మిగిలింది. రేపెప్పుడైనా ఆఠీను మీద మీరు రెండు ఆఠీన్లంటే, గుర్తుండి అన్నారా, మర్చిపోయి అన్నారా అని ఇక మీ ముఖంలోకి చూడను. మనం అనుకున్నట్టే రెండు ఇస్పేట్లంటాను. అప్పుడు ఆట నాది, డమ్మీ మీరు. మీ చేతిలో ఏమున్నా సరే, బల్ల మీద పరిచేసి హాయిగా కూర్చోండి. ఉన్నవాటితో నేను ఆడతాను.

ఎలాగూ భయపడుతూనే ఆడతాను, అది మీకు అలవాటే.

మీ చిన్నమ్మాయి